సార్ దాటేసిన సీను

బరువెక్కిన గుండెతో ఈ మాటలు రాస్తున్నాను. ఈ ముక్క నాది కాదు, సార్‌దే. టెస్టు పేపర్లు పంచేటప్పుడు ఆయన ఇలాగే మొదలుపెట్టేవారు: "బరువెక్కిన గుండెతో చెప్తున్న, సగం క్లాసు ఫెయిల్." చెబుతూ నవ్వేవారు.

పోయిన నెల ఒక పొద్దున మేడ్చల్ డిపో ముందు బస్సు కోసం నిలబడి ఉంటే, డిగ్రీలో నా క్లాసుమేటు ఫోన్ చేసింది. "సార్ పోయిండట. గుండెపోటు."

నా బస్సు వచ్చింది. ఎక్కలేదు.

"ఉన్నవా?"

"ఉన్న. ఆయనకు గుండె ఉండెనా అని ఆలోచిస్తున్న."

"నోర్ముయ్. పోయినోళ్లను గట్ల అనొద్దు," అంది. అని, తనే నవ్వింది.

పాత విద్యార్థులు వేస్తున్న ఈ చిన్న పుస్తకానికి సార్ గురించి రెండు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలు సరిగ్గా రెండే ఉన్నాయి కాబట్టి ముందే చెప్పేస్తాను. ఒకటి, ఆయన నాటకం చదివితే గోడ మీది బల్లి కూడా కదలకుండా వినేది. రెండు, ఆయన చెప్పని పాఠం వల్లే నేను పాసయ్యాను. ఈ రెండింటికీ నేను కృతజ్ఞుణ్ని. మూడోది దొరుకుతుందేమోనని వారం రోజులు వెతికాను. దొరకలేదు.

సార్ మాకు ఇంగ్లీషు లెక్చరర్. ఏటా ఒకే విషాద నాటకం చెప్పేవారు. ఒక సేనాపతికి నువ్వు రాజువవుతావని జోస్యం వస్తుంది. ఆశ పుడుతుంది, కానీ చెయ్యి రాదు. భార్య ఎగదోస్తుంది. తమ ఇంటికి అతిథిగా వచ్చిన ముసలి రాజును నిద్రలో పొడిచి గద్దె ఎక్కుతాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. భార్య మాటలు చదివేటప్పుడు సార్ గొంతు సన్నగా, తియ్యగా, విషంలా మారిపోయేది. చదవడం అయ్యాక పుస్తకం మూసి తీర్పు చెప్పేవారు.

"తప్పంత ఆమెదే. మొగుడు మంచోడు. పెండ్లాం పోరుకు ఓడిపోయిండు. రాసుకోండ్రి."

మేం రాసుకున్నాం. నాకు ఫోన్ చేసిన అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. "సార్, కత్తి ఎవరి చేతిల ఉండె సార్?"

క్లాసు ఘొల్లుమంది. సార్ సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ ఆమెను చూశారు. "కూసో," అన్నారు. ఆ నెల టెస్టులో ఆమెకు వందకు పందొమ్మిది వచ్చాయి. బరువెక్కిన గుండెతో ఇచ్చారు.

అప్పటికి మా ప్రిన్సిపాల్ వేరే ఆయన. సార్‌కు ఉద్యోగం ఇచ్చిన పెద్దమనిషి. శామీర్‌పేట వైపు నుంచి రోజూ బస్సులో, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చేవారు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా బాపు కౌలుకు చేసిన ద్రాక్ష తోట ఆ దారిలోనే ఉంది. కాపు రోజుల్లో నేను కాలేజీ మానేసి గుత్తులు కోస్తుంటే బస్సు కిటికీలోంచి చూసేవారు. మిగతా రోజుల్లో మానేసి మార్నింగ్ షోకి పోవడం మాత్రం ఆయన చూడలేదు. హాజరు తక్కువైందని ఫైనలియర్ పరీక్ష ఫారం పట్టుకుని వెళితే, "తోట పని అయిపోయిందార?" అని ఒక్క మాట అడిగి సంతకం పెట్టారు. నాలాంటి వాళ్లు ఇంకో నలుగురు.

వారం తిరగకముందే యాజమాన్యానికి ఆకాశరామన్న ఉత్తరం అందింది. హాజరు లేని వాళ్లను ప్రిన్సిపాల్ పరీక్షలకు పంపుతున్నాడని. సాక్ష్యానికి మమ్మల్ని పిలిచి ఆ కాగితం చూపించారు. మా పేర్లలో మొదటి పేరు నాది. పక్కన నా హాజరు, ఇంగ్లీషు క్లాసుది మాత్రమే. ఆ లెక్క సార్ రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా ఉండదు. ఉత్తరంలో మొదటి మాట 'బరువెక్కిన గుండెతో'.

పెద్దాయన వాదించలేదు. టేబుల్ సొరుగు ఖాళీ చేసుకుని, గొడుగు తీసుకుని బయటికొచ్చారు. వరండాలో నన్ను చూసి ఆగారు. "పోయి మంచిగ రాయి. నీ ఫారం మీద సంతకం ఎవ్వడు కొట్టెయ్యలేడు." తలూపాను. గేటు దాకా ఆయన వెనకే నడిచాను.

నెల లోపల సార్ ప్రిన్సిపాల్ అయ్యారు. స్టాఫ్ రూంలో అందరిదీ ఒకటే మాట: పాపం ఆయనేం చేస్తాడు, ఇంట్లో ఆమె కాల్చుకు తిన్నది. ఈ మాట ఎలా పుట్టిందో నాకు తెలుసు. కెమిస్ట్రీ సార్‌తో ఆయనే అంటుంటే గుమ్మం బయట విన్నాను. "ఏం జెయ్యాలె, ఇంట్ల పోరు." అచ్చం నాటకం చదివినప్పటి గొంతే.

ఒక్కటి మాత్రం విచిత్రం. సార్ ఆ ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోలేదు. నడుము నొప్పి, గట్టి సీటు కావాలని ఇంటి నుంచి ఇనుప మడత కుర్చీ తెచ్చి టేబుల్ పక్కన వేసుకున్నారు. అటెండర్ నాతో మొత్తుకునేవాడు: "దినాం తుడుస్తున్న అన్నా. ఎవ్వలు కూసోని కుర్చీకి గింత దుమ్ము యాడికెల్లి వస్తదే?"

ఆ ఏడే సార్ నాటకంలో ఒక సీను దాటేశారు. కొత్త రాజు ఇచ్చే విందు. మా సీనియర్లకు రెండు రోజులు చెప్పేవారట. మాకు మాత్రం, "ఇది ఇంపార్టెంట్ కాదు. పేజీ తిప్పండ్రి," అన్నారు. తిప్పాం. సార్ మాట అంటే మాకు అంత గురి.

పరీక్షలో పెద్ద ప్రశ్నగా అదే వచ్చింది. చచ్చినవాడు తన కుర్చీలో కూర్చున్నట్టు రాజుకు కనిపించే విందు దృశ్యాన్ని వివరించండి. క్లాసు క్లాసంతా తలలు పట్టుకుంది. నేనూ చదవలేదు. కానీ ఖాళీ కుర్చీకి భయపడే రాజును మూడు నెలలుగా కిటికీలోంచి చూస్తున్నాను. చూసింది చూసినట్టు రాశాను. కుర్చీ వైపు వీపు పెట్టి కూర్చుంటాడని, దాని మీద ఫైలు కూడా పెట్టడని, ఎవరైనా అడిగితే నడుము నొప్పి అంటాడని. పేపరు దిద్దిన మహానుభావుడెవరో కాని మంచి మార్కులు వేశాడు. పందొమ్మిది తెచ్చుకున్న అమ్మాయి సప్లిమెంటరీ రాసింది.

సార్ నోటి నుంచి ఒక్క మాట వినాలని ఈ ఏడెనిమిదేళ్లూ అనుకున్నాను. 'ఆ ఉత్తరం నేనే రాశాను' అని. ఆ మాట వింటే, ఆ పెద్దమనిషి ఉద్యోగం పోయింది నా వల్ల కాదని నాకు నేను చెప్పుకోవచ్చు. ఇక ఆయన చెప్పరు. అందుకని పదకొండో రోజు గండిమైసమ్మ దగ్గర ఉన్న సార్ ఇంటికి వెళ్లాను. నివాళికి కాదు.

సార్ భార్య అరటిపళ్లు పళ్లెంలో సర్దుతోంది. నేను ఆగలేకపోయాను. "మేడమ్, అప్పటి ఆ ఉత్తరం..."

ఆమె తెలియనట్టు నటించలేదు. "నేనే రాయించిన్నని గదా మీ కాలేజంత అన్నది?"

"అట్లనే అన్నరు."

"మొదలు అన్నది మీ సారే." పళ్లెం పక్కన పెట్టింది. "రాసి నాకు సదివి ఇనిపిచ్చిండు. పెద్దసారు మనకు నౌకరి ఇచ్చిండు, ఒద్దు అన్న. 'నీకేం తెల్వదు, ఊకో' అన్నడు. ఊకున్న. ఊరంత నన్ను తిట్టినా ఊకున్న. ఆయన మంచిగ కనవడాలంటే ఒకళ్లు చెడ్డగుండాలె గదా బిడ్డా. పాఠం కాలేజీలనే గాదు, ఇంట్ల గూడ చెప్పిండు మీ సారు."

అంతలో గుమ్మంలో గొడుగు కనిపించింది. పాత ప్రిన్సిపాల్. జుట్టు పూర్తిగా తెల్లబడింది, కాలు ఈడుస్తున్నారు. నన్ను చూసి గుర్తుపట్టారు.

"ఏందిర, ఇప్పుడన్న హాజరు ఉందా?"

"సార్, అప్పుడు నా వల్లనే మీకు..."

"నీ వల్ల ఏందిర? నా సంతకం నేను పెట్టిన." అంతే. అంత సులువుగా తేల్చేశారు. ఈ మాట మా సార్ కనీసం ట్యూషన్ పెట్టించుకుని అయినా నేర్చుకోవాల్సింది.

ప్లాస్టిక్ కుర్చీలన్నీ బయట షామియానా కింద ఉన్నాయి. లోపల, గోడకు ఆనించి ఒకటే ఉంది. ఆ ఇనుప మడత కుర్చీ. రిటైరైనప్పుడు సార్ వెనక్కి తెచ్చుకున్నారట. మేడమ్ దాన్ని తెరిచి, కొంగుతో తుడిచి, దండ వేసిన ఫోటోకు ఎదురుగా వేసింది.

"కూసోండ్రి సార్."

పెద్దాయన కూర్చున్నారు. గొడుగు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, తొందరేమీ లేకుండా ఫోటోను చూశారు. ఫోటోలో సార్ కూడా నేరుగా ఆ కుర్చీనే చూస్తున్నారు. పాస్‌పోర్టు ఫోటో పెద్దది చేయించినట్టున్నారు, భుజాల దాకానే ఉంది. పేజీ తిప్పడానికి చేతులు లేవు.