రాగి టోపీలు నిలబడ్డ ఆదివారం

నా చిన్నప్పుడు మా అమ్మ దృష్టిలో లోకంలోని రాగి వస్తువులన్నీ రెండే రకాలు: చింతపండుతో తోమినవి, ఇంకా తోమవలసినవి. నాన్న పరాయి దేశంలో, కార్క్ అనే నగరంలో ఆసుపత్రి డాక్టరుగా చేరడంతో మేము ఆ పక్కనే బాలింకాలిగ్‌లో కాపురం పెట్టాం. అప్పటికి అది చిన్న ఊరు. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఊరితో ఆమె మాటలన్నీ నా నోటి మీదుగానే సాగేవి. నాకు నచ్చనివి మధ్యలోనే మింగేసేదాన్ని.

పక్కింటి తాత రైఫిలు క్లబ్బు సభ్యుడు. పెరటి షెడ్డులో సీసం కరిగించి, అచ్చులో పోసి, తన తూటాలు తానే చేసుకునేవాడు. ఒక్కో తూటా అడుగున చిన్న రాగి టోపీ తొడిగేవాడు. తుపాకి మందు పేలినప్పుడు పుట్టే వేడి గాలికి మెత్తటి సీసం చెడిపోకుండా కాపాడటం దాని పని. దాన్ని గ్యాస్ చెక్ అంటారని ఆయనే చెప్పాడు. ఆ టోపీ గట్టిగా పట్టుకుని ఉండాలి. దారిలో ఊడిందంటే తూటా ఎటు పోతుందో చెప్పలేం.

ఆయనకు వచ్చిన కష్టం అదే. ఎంత బలంగా నొక్కినా టోపీలు ఊడి కింద పడేవి. చూస్తే ఆదివారం క్లబ్బులో పోటీ, అవతలివాడు సొంత బావమరిది. కిందటేడు ఓడిపోయి, తప్పంతా టోపీల మీదకు నెట్టాడట తాత. అప్పటినుంచి ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా ఆ బావమరిది, "టోపీలు కులాసానా బావా?" అని అడగనిదే ముద్ద ముట్టేవాడు కాదట. ఏడాదిగా తిన్న తిండి ఒంటికి పట్టడం లేదని తాత చిన్నపిల్లనని కూడా చూడకుండా నా దగ్గర వాపోయాడు. ఇంకో ఏడాది ఆ మాట వినే ఓపిక ఆయనకు లేదు.

నేను వెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ వచ్చి టోపీల డబ్బా చూసింది. పాత సరుకు, రాగి నల్లబడి ఉంది. ఆమెకు రోగం అక్కడే దొరికిపోయింది. "ఇంత మాసినయ్యి పెట్టుకుంటే ఎట్టా నిలబడతయ్యి? తోమి తెస్తానని చెప్పు," అంది. చెప్పాను. వద్దనడానికి తాత మర్యాదైన మాట వెతుక్కునేలోగా డబ్బా మా వంటింట్లో ఉంది.

చింతపండు, ఉప్పు వేసి తోమింది. తడి ఆరాలని పెనంలో పరిచి, హాల్లో చలిమంట నిప్పుల మీదే పెట్టింది. ఆ తర్వాత నాకు జడ వేయడానికి కూర్చుంది. నాకు జడ వేయడమంటే మా ఇంట్లో చిన్న యుద్ధం. అది ముగిసేసరికి పెనంలో టోపీలు ఎర్రగా కాలి ఉన్నాయి. పరాయి దేశంలో పెద్దాయన సొమ్ము పాడుచేశానని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. చల్లారాక చూస్తే అన్నీ మసి రంగు. మళ్లీ చింతపండే గతి అయింది. ఈసారి నిప్పు దగ్గరికి పోనివ్వకుండా కొంగుతోనే ఒక్కొక్కటీ తుడిచి, నన్ను ముందు నడిపించుకుని బయల్దేరింది. "కాలినయ్యని కూడా చెప్పవే. మింగబోకు," అంది.

మింగకుండా చెప్పాను. తాత ఒకటి తీసి తూటాకు తొడిగి నొక్కాడు. పట్టకారుతో లాగాడు, రాలేదు. ఇంకొకటి తొడిగాడు, అదీ రాలేదు. అప్పుడు తల పట్టుకుని ఒకటే నవ్వు. రాగి బిరుసుగా ఉంటే ఎంత నొక్కినా మళ్లీ విచ్చుకుంటుందట. ఎర్రగా కాలిస్తే మెత్తబడి, నొక్కిన చోటే ఉండిపోతుందట. ఎప్పుడో తెలిసిన సంగతేననీ, బావమరిది మీది కోపంలో బుర్ర పనిచేయలేదనీ అన్నాడు. అమ్మ మాత్రం ఆ ఘనత చింతపండుదేనని చివరిదాకా నమ్మింది.

ఆదివారం టోపీలన్నీ నిలబడ్డాయి. తాత ఓడిపోయాడు.

ఆ రోజు భోజనానికి మమ్మల్నీ పిలిచారు. బావమరిది కుర్చీ లాక్కుని, చేతులు రుద్దుకుని, "ఈ ఏడాది తప్పెవరిది బావా?" అన్నాడు. నాకు తాతను చూడాలంటే భయమేసింది. ఆయన తాపీగా, "టోపీలు భేషుగ్గా ఉన్నాయి. గురి నాదే తప్పింది. నువ్వు బాగా కాల్చావు," అని బంగాళాదుంపల గిన్నె అతని ముందుకు జరిపాడు. బావమరిదికి దాచి తెచ్చుకున్న వేళాకోళమంతా ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు పాపం. చివరికి వాన గురించి మాట్లాడాడు. తాత రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

ఓటమి ఒక్క పూట ఉండి పోయేదే. దానికో సాకు తగిలిస్తే మాత్రం దాన్ని ఏడాది పొడుగునా భోజనానికి పిలిచినట్టే. ఇది నేను ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను, మధ్యమధ్య మరిచిపోయినా ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు అదే దేశంలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న డ్రైవింగ్ టెస్టు మళ్లీ తప్పి ఇంటికి వస్తే, మా అల్లుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఈసారి ఏంటి అత్తయ్యా, రౌండబౌటా, వర్షమా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"రెండూ బాగానే ఉన్నాయి బాబూ. నడపడం నాకే రాలేదు," అన్నాను.

అతను పక్కకు జరిగి దారిచ్చి, "టీ పెట్టనా?" అన్నాడు. చక్కెర కాస్త ఎక్కువే వేయమన్నాను.