నాన్న మూత్ర పరీక్ష

మా నాన్న కొబ్బరి దింపు పని చేసేవాడు. కొత్తపేట చుట్టుపక్కల తోటల్లో తను ఎక్కని చెట్టు లేదని గొప్పలు పోయేవాడు కూడా. ఒక వానాకాలం తడిసిన చెట్టు మీద కాలు జారి పడ్డాడు. వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ అయ్యాక నడక కొంత వచ్చింది కానీ నొప్పి పోలేదు. నడుము దగ్గర మొదలై కాలి వేళ్ళదాకా మంటలా పాకేది. మామూలు మందులకు లొంగకపోతే, రాజమండ్రిలో నొప్పులకు వైద్యం చేసే ఒక క్లినిక్‌లో మార్ఫిన్ బిళ్ళలు రాశారు. అవి మొదలుపెట్టాక ఆయన మళ్ళీ అరుగు మీద కూర్చుని పేపరు చదివాడు, దారిన పోయేవాళ్ళతో వేళాకోళమాడాడు. మాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ బిళ్ళలు ఊరికే ఇవ్వరు. కొందరు తీసుకెళ్ళి బయట అమ్ముకుంటున్నారని, ప్రతి నెలా మందు ఇచ్చేముందు మూత్రం పరీక్ష చేస్తారు. రోగి మందు తనే వేసుకుంటున్నాడో లేదో అందులో తెలుస్తుందట. సీసాలో ఇంకేమీ కలపకుండా ఒక అటెండరు పక్కనే నిలబడి చూస్తాడు. సిగ్గుతో బిగుసుకుపోయి నాన్నకు ఓ పట్టాన వచ్చేది కాదు. "చెట్టెక్కినప్పుడు కూడా నన్నింత కళ్ళప్పగించి ఎవరూ చూళ్ళేదండి బాబూ," అనడం తలుపు బయట నిలబడ్డ నాకు వినిపించింది. అటెండరు నవ్వలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నడుం వంగిన మనిషిని దొంగలా నిలబెట్టడం ఏమిటి?

ఒక నెల మూత్రం మరీ పలచగా ఉందని, నీళ్ళు కలిపినట్టుందని, అంత పలచన దాంట్లో మందు ఉన్నదీ లేనిదీ తేలదని చెప్పారు. హెచ్చరించి బిళ్ళలిచ్చారు. మరుసటి నెలా అదే జరిగింది. ఈసారి బిళ్ళలివ్వలేదు. కొన్నాళ్ళాగి సరైన శాంపిల్‌తో రమ్మన్నారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ ముఖం పాలిపోయింది.

"నేనే తాగించేనమ్మా," అంది.

"ఏం తాగించేవు?"

"బొండాం నీళ్ళు. అంత గట్టి బిళ్ళలు వేడి చేస్తాయి కదా. పచ్చగా వస్తే కిడ్నీలు పాడైపోయేయని డాక్టరుగారు మందు ఆపేస్తారేమోనని, బయల్దేరేముందు కడుపునిండా తాగించేను. తేటగా ఉంటే బావుందంటారనుకున్నాను."

బడికి పంపేముందు పిల్లాడికి తల దువ్వినట్టు, డాక్టరు ముందు నాన్న బాగా కనబడాలని ఆవిడ పడ్డ తాపత్రయం అది. మా వైపు ఎవరికి ఒళ్ళు వేడి చేసినా ముందు చెయ్యి వెళ్ళేది బొండాం మీదికే. దానివల్ల కీడు జరుగుతుందని ఎవరనుకుంటారు? అయినా నేను అరిచాను. నాతో ఒక్క మాట చెప్పకూడదా అని కేకలేశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఊరుకోవే, తాగింది నేను కదా. దాన్నంటావేంటి?" అని నాన్నే నన్ను కసిరాడు.

క్లినిక్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఎత్తినమ్మాయి మర్యాదగానే వింది. "ఆయ్, అర్థమైందండీ. కానీ అందరూ ఏదో ఒకటి చెబుతారండీ. శాంపిల్‌లో ఏదొస్తే అదేనండీ మాకు," అంది.

ఇంట్లో మిగిలిన కాసిని బిళ్ళలూ అయిపోయాయి. మందు ఒక్కసారిగా ఆగేసరికి నాన్నకు చెమటలు, వణుకు, విరేచనాలు పట్టుకున్నాయి. నొప్పి మునుపటికన్నా ఎక్కువైంది. తువ్వాలు పళ్ళమధ్య బిగించి గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ మంచినీళ్ళు కూడా భయపడుతూనే ఇచ్చేది.

చెప్పిన రోజున మళ్ళీ వెళ్ళాం. పాత డాక్టరు లేరు, కొత్తాయన ఉన్నారు. శాంపిల్ పలచగా లేదు. కానీ అందులో మందు లేదని వచ్చింది.

"ఈయన వాడట్లేదమ్మా," అన్నారు.

"మీరివ్వలేదు కదండీ. ఇవ్వని మందు ఒంట్లోకి ఎలా వస్తుందండీ?"

"నిజమే కావచ్చు. కానీ ముందిచ్చినవి ఈయనే వేసుకున్నాడని రుజువేది? ఆ రెండుసార్లూ నీళ్ళేనాయె. ఈ మందు ఇచ్చే చోటు ఇక్కడ ఇదొక్కటే. మా మీద మాటొస్తే కేన్సర్ వాళ్ళక్కూడా ఆగిపోద్దమ్మా. ఇక ఈయనకి ఇవ్వలేం."

ఆయన కసురుకోలేదు, తొందరపెట్టలేదు. తిట్టడానికి కూడా నాకేం దొరకలేదు. రావులపాలెం దాకా బస్సు ఎగిరినప్పుడల్లా నాన్న నా భుజం పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఈసారి పలచగా లేదు కదా?" అని అడిగింది.

లేదన్నాను. మరి బిళ్ళలేవంది.

"వచ్చే నెల నుంచి ఇస్తారంట," అన్నాడు నాన్న గోడ పట్టుకుని నిలబడి. "శాంపిల్ చాలా బాగుందన్నారే. అంతా నువ్వు చూసుకోబట్టే."

అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. అప్పట్నుంచి ఆవిడ దగ్గరలో ఉంటే నాన్న మూలగడం లేదు. ఆ నెల రేపో మాపో నిండుతుంది. నిజం ఎవరు చెప్పాలో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. రాజమండ్రి వేసుకెళ్ళడానికని అమ్మ నిన్న ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించి తెచ్చింది.