చిన్నమావయ్య తినని ఉప్పు

దయ్యాల భయం చదువులేనివాళ్ల మూఢత్వమని మన ఫోను గ్రూపులో మళ్లీ అదే మాట పెట్టకండి. నా చిన్నప్పుడు, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, ఆ భయం కంచరపాలెంలో మా ఇంట్లోనే తొమ్మిది రోజులు కాపురముంది.

మా అమ్మ తమ్ముడు, చిన్నమావయ్య, అమ్మ పుట్టినూళ్లో కామందు ఇంటికి కట్టుబడిన పాలేరు. తండ్రి పోతే ఆ పనిలోకి కొడుకు రావాల్సిందే. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చి ఫ్యాక్టరీ కూలిపనిలో చేరాడు. కానీ మా ఇంట్లో ఉప్పు ముట్టేవాడు కాదు. కామందు ఉప్పు తిన్నవాడు ఇంకొకరి ఉప్పు తింటే చచ్చిన పెద్దలొచ్చి లాక్కుపోతారని ఊళ్లో నమ్మకం. చప్పటి గంజి తాగి ఎండలో పనికెళ్లి కళ్లు తిరిగి పడిపోతుంటే అమ్మ ఏడ్చేది.

పదోరోజు కామందు మనిషి వచ్చి వీధిలో నిలబడ్డాడు. మధ్యాహ్నం బస్సుకి తీసుకుపోతానన్నాడు. మావయ్య బట్టలు మూటకట్టేశాడు. నాకు ఒళ్లు మండి మూట లాగేశాను. మావయ్య కోప్పడలేదు.

"మా అయ్య సచ్చి కూడా ఆళ్ల మళ్లకి ఏతం తొక్కుతన్నాడంటమ్మా. నానెల్తేగానీ ఆడిని ఇడవరంట."

పోర్టులో ఓడల సరుకు దించే కలాసీగా చేసే మా తాతయ్య, అంటే నాన్న తండ్రి, అంతా విన్నాడు. మావయ్యని కూర్చోబెట్టి, ఓడలో తనకు పరిచయమైన ఒక నల్ల నావికుడి సంగతి చెప్పాడు. అతని ముత్తాతల్ని కొనుక్కుని, ఓడలకెక్కించి, ఏదో దీవిలో చెరుకు తోటల్లో పడేశారట. చచ్చినవాడు కూడా లేచి ఆ తోటల్లోనే చాకిరీ చేస్తాడని అక్కడివాళ్లకి ఇప్పటికీ భయమట. వాడు ఉప్పు తింటే మాత్రం తెలివొచ్చి వెళ్లిపోతాడట. అందుకే వాడికి పెట్టేది ఉప్పు లేని కూడేనట.

"నీ ఊళ్లో ఉప్పు తింటే కట్టుబడిపోతాడు, ఆళ్ల దీవిలో తింటే ఇడిపోతాడు. బతికినోడి సాకిరీ సాలక సచ్చినోణ్ణి కూడా పన్లో ఎట్టినోళ్లు మటుకు రెండుకాడలా ఉన్నార్రా అబ్బీ."

కంచంలో అన్నం పక్కన ఇంత ఉప్పు పెట్టాడు. బయట కామందు మనిషి మావయ్యని పేరు పెట్టి కేకేస్తున్నాడు. మావయ్య ఉప్పు కలిపి ముద్ద ఎత్తాడు. సగం మెతుకులు కిందే పడ్డాయి. కళ్లు మూసుకుని మొదటి ముద్ద మింగాడు. రెండో ముద్ద కలిపేటప్పుడు మాత్రం వాళ్ల నాన్న పేరు మెల్లగా అనుకున్నాడు.

బస్సు వెళ్లిపోయింది. మావయ్య ఎక్కలేదు.

ఈనాటికీ ఎవరైనా నన్ను భయపెట్టబోతే, ఆ భయంతో ఎవరి పని సాగుతోందా అని ముందు చూస్తాను. మనిషిని చచ్చాక కూడా వదలని ఆ దయ్యాన్ని పాలేరు పుట్టించాడంటారా మీరు?