కాకి ముట్టని పళ్లెం

మొన్న ఎండాకాలం, ఉదయం పదకొండుంబావుకు, కాటారంలోని మా ఇంట్లో, చనిపోయిన మా అమ్మ పేరున పిట్టకు పెట్టాం, అంటే కాకి కోసం పళ్లెంలో అన్నం పెట్టాం. కాకి ఆ అన్నం ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. కాకులు వచ్చి, పళ్లెంలో పొడిచి, మెతుకు కూడా తినకుండా ఎగిరిపోతున్నాయి.

“మీ అవ్వ అలిగిందిరా. నాయినను మంచిగ చూస్కుంటనని చెప్పు” అంది మేనత్త. చెప్పాను.

“చెల్లెకు పొలంల వాటా ఇస్తనని గూడ చెప్పు” అన్నాడు చిన్నాయన. అదీ ఒప్పుకున్నాను. అయినా కాకి ముట్టలేదు. అమ్మ నిజంగానే నా మీద కోపంతో పోయిందనుకుని ఏడ్చాను.

అప్పుడు నా భార్య మెల్లగా అంది: “ఈగలు వాలుతున్నయని పళ్లానికి ప్లాస్టిక్ పొర చుట్టిన. తీసుడు మర్సిన.”

ఏనాడూ గిన్నెకు సరిగా అంటుకోని ఆ పొర ఆ రోజు కనిపించనంతగా అతుక్కుంది. లాగేయగానే కాకి తిన్నది. మాట ఇచ్చాను కాబట్టి చెల్లెలికి పొలంలో వాటా రాసిచ్చాను. కాకి ఆలస్యం చేస్తే పోయినవాళ్లు అలిగారని మా ఇళ్లలో ఇప్పుడు ఎవరూ అనరు.