రాకెట్టులో పంపిన పెళ్ళి మాట

పెళ్ళిచూపుల్లో మనిషి చేయగల పొరపాట్లు చాలా ఉన్నాయి. కాఫీ చొక్కా మీద ఒలకబోసుకోవచ్చు, పిల్లను వదిలేసి పిల్ల పిన్నిని చూసి నవ్వవచ్చు. నేను అలాంటివేవీ చేయలేదు. చూపులు బ్రహ్మాండంగా జరిగాయి. ఆ తర్వాతే, నా పెళ్ళిని నా చేతులతో నేనే తీసుకెళ్ళి బంగాళాఖాతంలో పారేసుకోబోయాను. ఎట్లాగంటారా?

ఎనభైల మొదట్లో నేను తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాను. నాకొక పిచ్చి ఉండేది. వ్యోమనౌకల్లో ఆకాశానికి వెళ్ళొచ్చే తపాలా కవర్లుంటాయి. మనుషులతోపాటు పైకి వెళ్ళి, దిగి వచ్చాక ముద్ర వేయించుకుని, సేకరించేవాళ్ళ చేతికి వస్తాయి. వాటి ధర వింటే నా జీతం సిగ్గుతో తల దించుకునేది. అందుకని రాకెట్ బొమ్మ వేసి, నేల మీదే ముద్ర కొట్టిన చవక కవర్లను కొని ఆల్బంలో పెట్టుకునేవాణ్ణి. మొదటి పేజీ మాత్రం ఖాళీ. నిజంగా పైకి వెళ్ళొచ్చిన కవరు కోసం. ఆలూ లేదు, చూలూ లేదు, ఆల్బంలో సింహాసనం సిద్ధం!

అప్పుడే కార్వేటినగరంలో సుగుణను చూశాం. అక్కడి బడిలో టీచరు. వాళ్ళ నాయనకు పచారీ అంగడి, మా నాయనకు పుత్తూరులో గుడ్డల అంగడి. పెద్దవాళ్ళు ధరల మాటల్లో పడగానే ఆ అమ్మాయి మెల్లగా అడిగింది:

“మీకేమంటే ఇష్టం?”

“కవర్లు,” అన్నాను.

ఇంకెవరైనా అయితే లేచి వెళ్ళిపోయేవాళ్ళు. సుగుణ, “ఏం కవర్లు?” అంది. చెప్పాను. “తర్వాత?” అంది. నా కవర్ల కథకు ‘తర్వాత?’ అన్న మనిషి భూమ్మీద ఆమే మొదలు. నా పని అక్కడే అయిపోయింది.

ఇంటికొచ్చాక మా నాయన తేల్చి చెప్పాడు.

“కట్టుకునేది నువ్వు. జాబు నువ్వే రాయి. పది దినాల్లో మాట రాకపోతే ఇంకో సంబంధం సూసుకుంటామన్నారు పిల్లోళ్ళు. ఇన్నావా?”

ఒక్క వాక్యం రాసి కవరులో పెట్టి అంటించాను. అక్కడితో ఆగి పోస్టు డబ్బాలో వేసి ఉంటే ఈ కథే లేదు. ఆ వారంలోనే శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరబోతోందని పేపర్లో పడింది. నా బుర్రలో దీపం వెలిగింది. కొన్ని దీపాలు ఇల్లు కాల్చడానికే వెలుగుతాయి. నా పెళ్ళి మాట ఆకాశం తిరిగి కార్వేటినగరంలో దిగితే! అలాంటి కవరు ప్రపంచంలో ఎవరి దగ్గరుంటుంది?

నా స్నేహితుడు మునిరత్నం లారీ డ్రైవరు. శ్రీహరికోటకు సిమెంటు తోలేవాడు. కవరు వాడి చేతిలో పెట్టాను.

“దీన్ని రాకెట్లో పెట్టియ్యమని సెప్పల్ల, అంతే గదా?” అన్నాడు, టీ పొట్లం కట్టించుకుంటున్నంత తేలిగ్గా.

“అంతే. దిగినాక పోస్టులో వేసేయమను. స్టాంపు కూడా అతికించినాను.”

రాకెట్ ఎగిరింది. ఆఫీసంతా నేనే మిఠాయి పంచాను. పదో రోజు సాయంత్రం, మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మేడంను గర్వంగా అడిగాను.

“మేడం, ఆ రాకెట్టు యాడ దిగుతుంది?”

“దిగేదేందప్పా? పని అయిపోయినాక సముద్రంలో పడిపోతాది.”

“మరి దాంట్లో జాబు ఉంటే?”

“సేపలు సదువుకుంటాయి.”

కవర్ల గురించి గంటలు మాట్లాడగలిగిన నేను, రాకెట్టు గురించి ఆ చిన్న సంగతి తెలుసుకోలేదు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నవాడు నాకంటే తెలివైనవాడు. పిల్లి కనీసం ఇంటికి తిరిగొస్తుంది.

మరునాడు తెల్లారగానే ఆల్బం చంకన పెట్టుకుని బస్సెక్కాను. సుగుణ వాళ్ళ నాయన అంగట్లో చింతపండు తూస్తున్నాడు. నన్ను చూసి తక్కెడ దించాడు.

“ఇప్పుడా అప్పా వచ్చేది? నిన్నటిదాకా సూసినాం. సిత్తూరు సంబంధం వాళ్ళు శుక్రవారం వస్తామన్నారు.”

“నేను జాబు రాసినాను!”

“యాడ?”

“రాకెట్లో పెట్టి పంపినాను.”

“రాకెట్టంటే? పుత్తూరు బస్సా?”

“కాదు. ఆకాశానికి పోయేది.”

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి లోపలికి కేకేశాడు. “అమ్మా సుగుణా, మజ్జిగ తీసుకురా! ఈ పిల్లోడికి ఎండ తగిలినట్టుండాది.”

సుగుణ మజ్జిగ తెచ్చింది. కళ్ళు కొంచెం వాచి ఉన్నాయి. అది చూశాక మజ్జిగ గ్లాసు తాగకుండానే పక్కన పెట్టేశాను. ఏం చెప్పాలో తెలియక ఆల్బం తెరిచాను. ఆమె ఒక్కో పేజీ తిప్పింది.

“వీటిలో ఏది పైకి పోయింది?”

“ఏదీ పోలేదు. అందుకే... మనదన్నా పోవాలని.”

‘మనది’ అన్న మాట నోరు జారింది. అంగట్లో ఉప్పు కోసం వచ్చిన అవ్వ కూడా చెవి ఇటు తిప్పింది.

“జాబులో ఏం రాసినారు?” అంది సుగుణ.

చదివి చెప్పడానికి కాగితం లేదు. ఆకాశం దాకా పోవడానికి భయపడని మాట, మూడడుగుల దూరం దాటడానికి వణికింది.

“మీరు ‘తర్వాత?’ అని అడుగుతుంటే, బతుకంతా చెప్తానే ఉండాలని ఉండాది. అదే రాసినాను.”

సుగుణ ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాచింది. గ్లాసు నిండుగానే ఉందని చూసి నవ్వింది. తర్వాత వాళ్ళ నాయన వైపు తిరిగింది.

“నాయనా, సిత్తూరోళ్ళకి రావద్దని జాబు రాసెయ్. మామూలు పోస్టులో.”

పెళ్ళికి మునిరత్నం వచ్చాడు. తల వంచుకుని ఒక కవరు నా చేతిలో పెట్టాడు. గ్రీజు మరకలు, సిమెంటు ధూళి. నా కవరే!

“గేటు కాడే వద్దన్నారబ్బా. లారీ సీటు కింద ఉండిపోయింది. నువ్వు అంత ఆశగా ఇస్తివి, పోలేదని నీకెట్ల సెప్పేది?”

ఆకాశం మాట దేవుడెరుగు, ఆ ఉత్తరం నెల్లూరు, మద్రాసు, కోలారు అన్నీ తిరిగొచ్చింది. సుగుణ దాన్ని ఆల్బం మొదటి పేజీలో తనే అంటించింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా, తపాలా ముద్ర మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట నా భార్యకు చెప్పాల్సిన ఏ మాటనూ రాకెట్టుకూ లారీకీ అప్పగించను. ఎదురుగా నిలబడి, వెంటనే, నోటితోనే చెబుతాను.

ఇది రాస్తుంటే భుజం మీద నుంచి చదివి సుగుణ అంది: “కూరలో ఉప్పు ఎక్కువైందనే మాట మాత్రం రాకెట్లోనే పంపండి.”