వియ్యాలవారి దుప్పటి

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. దోమ కుడితే గద్ద తన్నుకుపోయిందంటాను. పారమట్టా స్టేషన్లో రైలు కాస్త ఆలస్యమైతే, ఎక్కేసరికి గడ్డం తెల్లబడిందంటాను. నేను నోరు తెరిస్తే చాలు, మా ఆవిడ ఎదుటివాళ్ళతో "సగం తీసేసి వినండి" అంటుంది. మీరూ తీసేసుకోండి. ఇందులో ఒక్క ముక్క మాత్రం పూర్తిగా నేను అల్లినది. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

మా అమ్మాయికి పెళ్ళి కుదిరింది. కుదిర్చానని చెప్పుకోవాలనే ఉంది కానీ, తనే కుదుర్చుకుంది. కుర్రాడు మేం స్థిరపడ్డ ఈ కంగారూల దేశంవాడే, ఐర్లాండు వంశం. బుద్ధిమంతుడు. మా ఇంట్లో మొదటిసారి ఆవకాయ తిన్నప్పుడు రెండు చెవుల్లోంచీ పొగలొచ్చినా మళ్ళీ వడ్డించమన్నాడు. అంతకంటే ఏం కావాలి?

నాకేం అక్కర్లేదు. భీమవరంలో ఉన్న మా అక్కయ్యకే కావాలి. మా ఇంట్లో ఏ సంబంధమైనా ఆవిడ వాకబు చేస్తే గానీ ఖాయం కాదు. నా పెళ్ళికి ముందు మా ఆవిడ పుట్టింటి వీధిలో పాలావిణ్ణీ, ఇస్త్రీ బండివాణ్ణీ, పక్కింటి కుక్కనూ విచారించి వచ్చింది. అలాంటి మనిషి ఫోనులో అడిగింది.

"ఒరేయ్, వాళ్ళ పెద్దలెవర్రా?"

"ఐర్లాండు వాళ్ళక్కా."

"అక్కణ్ణుంచి మీ ఊరికెలా వచ్చారు?"

"ప్రభుత్వమే ఓడెక్కించి తీసుకొచ్చిందక్కా. దారి ఖర్చులు, భోజనం, బట్టలు, దిగాక బస, అన్నీ ప్రభుత్వానివే. చుట్టూ సిపాయిల కాపలా."

"అబ్బో, సిపాయిలే! అయితే కలెక్టరు స్థాయన్నమాట."

నేను కాదనలేదు. గమనించండి, అందులో ఒక్క అక్షరం పెంచలేదు. ఆ రోజుల్లో ఇంగ్లండులోనూ ఐర్లాండులోనూ చిల్లర దొంగతనాలు చేసినవాళ్ళను కూడా ఓడల్లో కుక్కి ఇక్కడికి తోలేసేవారు. అలా వచ్చిన ఖైదీ ఒకావిడ మా కాబోయే అల్లుడికి మూలపుటమ్మ. పుట్టి బుద్ధెరిగాక, అతిశయోక్తి లేకుండా అబద్ధమాడటం నాకదే మొదలు.

తమాషా ఏమిటంటే, ఇక్కడివాళ్ళకి ఇప్పుడది నామోషీ కాదు. ఇంట్లో ఖైదీ పూర్వీకులుంటే, మనవాళ్ళు స్వాతంత్ర్య సమరయోధుల గురించి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. నాకది తెలుసు. తెలిసీ దాచాను.

అక్కయ్య విజిటర్ వీసా మీద దిగింది. ఆ ఆదివారం కుర్రాడి నాయనమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. నిటారుగా ఉండే మనిషి, గొంతు స్టీమరు కూతంత. అక్కయ్య శాకాహారి అని తెలిసి, మాంసం తగలని కొత్త పెనం కొని, దాని మీద మొక్కజొన్న కంకులూ వంకాయలూ కాల్చి ఉంచింది. అక్కయ్య ఆ పెనం అడుగున ఇంకా ఊడని ధర చీటీని చూసి, నా చెవిలో "మర్యాదస్తులేరా" అంది.

భోజనాలయ్యాక ఆవిడ పొడుగాటి కాగితపు చుట్ట తెచ్చి బల్ల మీద పరిచింది. వాళ్ళ వంశవృక్షం. అది బల్ల దాటి, వరండా దాటి, పెరటి కంచె దాకా పాకింది. (సగం తీసేయండి. బల్ల దాటలేదు.) ఓడలో వచ్చినావిడ అమ్మానాన్నలెవరో ఐర్లాండులో వెతకడానికి ఎన్నో ఏళ్ళు పట్టిందట. అక్కడి పాత కాగితాలు చాలావరకు తగలబడిపోయాయి. ఓడవాళ్ళు రాసుకున్నదాంట్లో ఖైదీ పేరు, వయసు, జిల్లా ఉన్నాయి గానీ కన్నవాళ్ళ ఊసు లేదు. ఆ జిల్లా చర్చిల్లో వెతికితే అదే పేరు, ఇంచుమించు అదే వయసు ఉన్న పిల్లలు చాలామంది తేలారు. వాళ్ళలో ఎవరు ఈవిడ?

నేను తెలుగులో చెబుతుంటే అక్కయ్య మొక్కజొన్న నమలడం ఆపేసింది. "పిల్లలకి ఎవరి పేర్లు పెట్టుకుందో అడగరా."

అడిగాను. నాయనమ్మ బల్ల మీద చరిచింది. ఆవిడ చిక్కుముడి విప్పింది కూడా సరిగ్గా అలాగేనట. ఐర్లాండు వాళ్ళు పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కొడుక్కి తల్లి తరపు తాత పేరు పెట్టేవారట. ఈవిడ ఇక్కడ కన్న పిల్లల్లో పెద్ద కూతురి పేరూ రెండో కొడుకు పేరూ పట్టుకుని, ఆ రెండు పేర్లూ మొగుడూ పెళ్ళాలుగా ఉన్న ఇంటిని చర్చి పుస్తకాల్లో వెతికింది. ఒకే ఒక్క ఇల్లు దొరికింది.

"మనలాగే కదరా!" అంది అక్కయ్య. "అయితే పాపం, ఆ పిల్లని పేరు పెట్టి పిలిచుండదు. కన్నతల్లి పేరు పెట్టుకుని, ఒసేయ్ ఇలా రా అని ఎలా అంటుంది? ఏ బుజ్జీ అనో, అమ్మలూ అనో పిలుచుకునుంటుంది."

ఇది నేను ఇంగ్లీషులో చెప్పగానే ఆ పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. అప్పటికైనా నేను నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"ఇంతకీ ఆ మహాతల్లి ఏ పనిమీద వచ్చిందిట?" అంది అక్కయ్య.

ఆ ప్రశ్న ఇంగ్లీషులో ఆవిడకి చేరవేయక తప్పలేదు. నాయనమ్మ చేతులు బారజాపి ఉత్సాహంగా చెప్పింది: దుప్పటి దొంగిలించింది, ఉన్ని దుప్పటి, దానికి ఏడేళ్ళ శిక్ష!

అక్కయ్య నా వంక చూసింది. "ఏమంటోంది?"

"ఉన్ని దుప్పట్ల వ్యాపారమటక్కా."

"ఎగుమతా, దిగుమతా?"

"ఎగుమతే."

మా అమ్మాయి అప్పుడే పళ్ళెంలో కేకు ముక్కలు తెస్తోంది. తనిక్కడే పుట్టింది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. మా ఇంట్లో తెలుగు తన చెవిలోంచి లోపలికి వెళ్ళడమే గాని నోట్లోంచి బయటికి వచ్చింది లేదు. అందుకే నేను మర్చిపోతుంటాను, తనకి అంతా అర్థమవుతుందని.

పళ్ళెం బల్ల మీద పెట్టింది. "లేదు, అత్తా," అంది. ఒక్కో మాటా వెతుక్కుంటూ, తెలుగులోనే. "దొంగతనం చేసింది. దుప్పటి. జైలు. అందుకు షిప్. నాన్న చెప్పింది రాంగ్."

పెరట్లో కాకటూ చిలకలు ఒక్కసారిగా అరిచి ఊరుకున్నాయి. నాయనమ్మ నవ్వుముఖంతోనే అడిగింది, ఆయనేమన్నాడని. మా అమ్మాయి నా వైపు తిరిగింది. "యూ టెల్ హర్, నాన్నా."

చెప్పాను. ఇంగ్లీషులో, నా నోటితోనే. మీ పూర్వీకురాలు వ్యాపారం మీద వచ్చిందన్నానని. ఇన్నేళ్ళుగా ఈ దేశంలో ఇంగ్లీషు మాట్లాడుతున్నాను గాని, ఆ ఒక్క వాక్యానికి పట్టినంత చెమట ఎప్పుడూ పట్టలేదు. ఈ చెమటలో సగం తీసెయ్యకండి.

ఆవిడ మొదట నవ్వింది. తర్వాత నవ్వు మెల్లగా తగ్గింది. కాగితం చివర మనవడి పేరు పక్కన ఖాళీగా వదిలిన చోట వేలు పెట్టి, "ఇవాళ మీవాళ్ళ పేర్లు ఇక్కడ రాసుకుందామనుకున్నాను. తొందరేం లేదు, ఇంకోరోజు చూద్దాం," అంది. ఎంతో మర్యాదగా అంది. ఆ పొడుగాటి కాగితాన్ని, ఓడావిణ్ణీ ఆవిడ అమ్మానాన్నలనీ కలిపి, మళ్ళీ చుట్ట చుట్టేసింది.

మరి అక్కయ్య? ఎవరి కోసమైతే ఇదంతా దాచానో ఆ అక్కయ్య అమ్మాయిని దగ్గరికి పిలిచింది. "దుప్పటి తీసింది చలికా తల్లీ?" అని అడిగింది. అమ్మాయి తలూపింది. అక్కయ్య నా వైపు తిరిగింది.

"దీనికా ఇంత నాటకం? మీ బావ పాత చెప్పులతో గుడికెళ్ళి కొత్త చెప్పులతో వచ్చేవాడు. ఆయన్నెవరూ ఓడెక్కించలేదేం?"

అక్కడికి నా దగ్గరున్న ఒక్క సాకూ పోయింది. అక్కయ్య పరువు కోసం దాచానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి, ఇక్కడి మన తెలుగు సంఘం వాళ్ళ పార్టీల్లో అంకుల్సూ ఆంటీలూ "అబ్బాయి ఎవరి తాలూకు?" అని అడిగితే నాకే నోరు పెగల్లేదు. సిగ్గుపడింది నేను. అక్కయ్యని అడ్డం పెట్టుకున్నానంతే.

తిరుగుదారిలో కారు నేనే నడిపాను. పారమట్టా దగ్గరపడుతుండగా వెనక సీట్లోంచి మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదు నాన్నా," అంది. తెలుగులో.

సరే, మాటిచ్చాను కదా. బావగారి చెప్పుల సంగతి నేనల్లానని మీరనుకునుంటారు. కాదు, అది నిజం. ఆయన పాదాలకి ప్రతి కార్తీకమాసంలోనూ కొత్త జోడు అమరేది. ఎగుమతి నిజం. కొత్త పెనం నిజం. కాగితం చుట్టేయడం నిజం.

భుజం మీద చెయ్యి నేనల్లినది. మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. కారు దిగి, అక్కయ్య చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ, నా వైపు చూడకుండా ఒకే మాట చెప్పింది: పెళ్ళిలో అటు మాటలు ఇటు, ఇటు మాటలు అటు తనే చెప్పుకుంటుందట, నేను కష్టపడక్కర్లేదట. అందుకని ఇప్పుడు రోజూ సాయంత్రం అక్కయ్య దగ్గర కూర్చుని తెలుగు మాట్లాడుతోంది. వంటింట్లోకి వినిపిస్తూ ఉంటుంది. బాగానే వస్తోంది.