చీటీ లేని పెట్టె

మా నాయన ముప్పై ఏళ్ళు అలిపిరి దగ్గర సామాన్ల కౌంటరులో పనిచేశాడు. కాలినడకన కొండెక్కేవాళ్ళు కింద ఇచ్చిపోయే సంచులకూ పెట్టెలకూ చీటీలు కట్టి, రసీదు చేతికిచ్చి, పైకి పంపించడం ఆయన ఉద్యోగం. అన్నేళ్ళలో తన చేతిమీదుగా వెళ్ళిన పెట్టె ఒక్కటి కూడా దారి తప్పలేదని ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెబుతాడు. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఓడెక్కి, ఉన్న ఒక్క పెద్ద పెట్టెనూ పోగొట్టుకున్నాం.

ప్రయాణం అమ్మ కోసం. అమ్మ సముద్రాన్ని ఎప్పుడు చూసినా ఒడ్డు మీది నుంచే చూసింది. "నాలుగు పక్కలా నీళ్ళే ఉంటే ఎట్లుంటాదో ఒకసారి సూడాల పాపా" అని ఎన్నో ఏళ్ళుగా అంటోంది. చెన్నై నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా సముద్రంలో తిరిగి, మూడోరోజు పొద్దున మళ్ళీ చెన్నైలోనే దించే ఓడ ఉందని తెలిసి మా ముగ్గురికీ టికెట్లు తీశాను. తక్కువకు వస్తుందని కిటికీ లేని గది తీసుకున్నాను. లెక్కల టీచర్నన్న మాటే గానీ, ఆ లెక్క తప్పింది.

శుక్రవారం ఉదయం అయిదున్నరకు తిరుపతిలో బస్సెక్కాం. పుత్తూరులో కాఫీ తాగుతుంటే బస్సు కుదిపి అమ్మ చీర మీద సగం గ్లాసు ఒలికింది. "పోనీలే, పెట్టెలో నాలుగు చీరలుండాయి కదా" అంది అమ్మ. మా వెనక సీట్లో కూర్చున్న నగరి పెద్దమనిషి మేం ఓడెక్కబోతున్నామని విని ముందుకు వంగాడు.

"ఓడ కదిలేటప్పుడు టెంకాయ కొడతారా అప్పా?"

"ఆ పని డ్రైవరే సూసుకుంటాడులే" అన్నాడు నాయన, అన్నీ తెలిసినవాడిలాగా.

తొమ్మిదిన్నరకు చెన్నైలో దిగి, ఇడ్లీలు తిని, పదకొండుకల్లా టాక్సీలో ఓడరేవు చేరాం. పెద్ద సామాను రేవులోనే కూలీలకు అప్పగించాలి, అది నేరుగా గది దగ్గరికి వస్తుంది. గది నంబరున్న చీటీని ముందురోజే ఇంట్లో అచ్చుతీసి పెట్టె పిడికి నేనే కట్టాను. నాయన ముఖం వెలిగిపోయింది. "మన అలిపిరి మాదిరే! కింద ఇచ్చేస్తే పైన తీసుకోవచ్చు." నేను ఆధార్ కార్డుల కోసం హ్యాండ్‌బ్యాగు గాలిస్తుంటే, పెట్టెను తనే తోసుకుంటూ వెళ్ళి లైన్లో ఇచ్చివచ్చాడు.

"రసీదు యాడ నాయనా?"

"అడిగితే ఈడ రసీదు లేదన్నారు పాపా. ఇదేం పద్ధతో!"

రెండు గంటలకు ఓడెక్కాం. అది ఓడ కాదు, లిఫ్టులున్న ఊరు. అయిదు గంటలకు అది కదిలింది, మా పెట్టె మాత్రం రాలేదు. వరండాలో అందరి గుమ్మాల ముందూ పెట్టెలు నిలబడి ఉన్నాయి, మా గుమ్మం ముందు నాయన నిలబడి ఉన్నాడు. పైన డెక్ మీద పాటలు, జనం కేకలు. అమ్మను రమ్మంటే కదల్లేదు.

"ఈ మరక చీరతోనా? అంతమందిలోకి నేను రాను."

"సముద్రం చూడ్డానికి వచ్చి గోడ చూస్తూ కూర్చుంటావా?"

"పెట్టె రానీ. కట్టుకుని వస్తాను."

నాకు కోపం వస్తే నోటితో ఆగదు, కాగితం కావాలి. అయిదో అంతస్తులో ఉన్న విచారణ కౌంటరుకు వెళ్ళి ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఆవేశంలో తెలుగులోకి దిగిపోయాను. అక్కడ నల్లకోటు వేసుకున్న అమ్మాయి నవ్వింది.

"మీ మాట మా పక్కది మాదిరే ఉండాదే అక్కా! మాది బంగారుపాళ్యం. నా పేరు నీరజ."

బంగాళాఖాతం నడుమ బంగారుపాళ్యం అమ్మాయి దొరికితే ఎంత కోపమైనా సగానికి దిగుతుంది. నీరజ ఓడంతా వెతికించింది. పెట్టె అసలు ఎక్కలేదని, ఒడ్డునే ఉండిపోయి ఉంటుందని తేల్చింది. బ్రష్షు, సబ్బు, ఓడ బొమ్మ ఉన్న తెల్ల బనియను ఒకటి ఇచ్చి, నష్టపరిహారం ఫారం నా ముందు పెట్టింది.

నేను వెనక పేజీ కూడా నింపాను. చీరలు నాలుగు, అందులో పట్టుది ఒకటి. నాయన పంచెలు మూడు. ఆయన నామం పెట్టుకునే తిరుమణి పెట్టె, నిమ్మకాయ ఊరగాయ సీసా. చివర్లో ఒక ప్రశ్న: చీటీ కట్టి అప్పగించారా? 'నా చేతులతో కట్టాను' అని రాసి, ఆ మాట కింద గీత కూడా గీసి సంతకం పెట్టాను.

ఆ పూట భోజనాల్లో శాకాహారానికి లోటు లేదు. నాయన మాత్రం పెరుగన్నం సగంలో వదిలేశాడు. తన వృత్తికే అవమానం జరిగిందని బాధపడుతున్నాడనుకున్నాను. నాలుగుసార్లు విచారణ కౌంటరు దాకా వెళ్ళి, ఏమీ అడక్కుండానే తిరిగొచ్చాడు.

శనివారం అయిదున్నరకు నేను లేచేసరికి అమ్మ స్నానం చేసి తుండు చుట్టుకుని కూర్చుని ఉంది. రేపు ఈపాటికి మళ్ళీ రేవులో ఉంటాం. ఇంక ఉన్నది ఈ ఒక్కరోజే. నా చేతిసంచిలో ఉన్న నీలం చుడీదార్ తీసి ఒళ్ళో వేశాను. అరవై ఎనిమిదేళ్ళలో అమ్మ చీర తప్ప వేరే గుడ్డ కట్టి ఎరగదు. దాన్ని తిప్పి తిప్పి చూసింది. నేను బలవంతపెట్టాలనుకుంటుండగానే బాత్‌రూంలోకి వెళ్ళి వేసుకుని వచ్చింది. నాయన కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏం సూస్తారు? దీనికి జోబీ కూడా ఉండాది" అంది అమ్మ, అందులో చెయ్యి పెట్టుకుని.

పన్నెండో అంతస్తు డెక్ మీదికి వెళ్ళేసరికి సూర్యుడు అప్పుడే వస్తున్నాడు. నాలుగు పక్కలా నీళ్ళే. అమ్మ కమ్మీ పట్టుకుని ఓ వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది, గుడిలో ప్రదక్షిణం చేసినట్టు. "యాడా గట్టే లేదు పాపా" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ ఆగలేదు. టికెట్లు, పెట్టె, ఫారం అన్నీ ఆ పూటకు మరిచిపోయాను. ఆ రోజంతా అమ్మ గదిలో కాలు పెట్టలేదు. గాలికి చుడీదార్ ఓణీ ఎగురుతుంటే చిన్నపిల్లలా పట్టుకుంటూ తిరిగింది.

ఆదివారం ఎనిమిదింటికి రేవులో దిగాం. నీరజ మమ్మల్ని సామాన్ల షెడ్డుకు తీసుకువెళ్ళింది. మా పెట్టె ఒక మూల ఒంటరిగా పడి ఉంది. పిడికి చీటీ లేదు, ఒక చక్రం లేదు. తెరిస్తే ఊరగాయ సీసా పగిలి, నూనె పట్టుచీర అంచు దాకా పాకింది. నాకు మళ్ళీ కోపం నషాళానికి ఎక్కింది.

"అక్కా, మీకు పరిహారం వస్తాది" అంది నీరజ. "చీటీ కట్టినారని రాసిచ్చినారు కదా. అంటే ఎత్తేటప్పుడు తెగినట్టే. ఆ పొద్దు లైన్లో పెట్టెలు ఎత్తిన కూలీ ఈ అన్నే. తప్పు ఈయన మీద రాస్తే మీ ఫారం పాసైపోతాది."

ఆ అన్న పక్కనే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, చెమటకు వెలిసిపోయిన నీలం చొక్కా.

"రాస్తే ఈయనకేమవుతాది?" అన్నాడు నాయన. రెండు రోజుల్లో ఆయన ఆ అమ్మాయిని అడిగిన మొదటి మాట అదే.

నీరజ గొంతు తగ్గించింది. "కాంట్రాక్టు మనిషి కదా తాతా. రేపటి నుంచి పనికి పిలవరు."

నాయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి అక్కడి బల్ల మీద పరిచాడు. గది నంబరున్న మా చీటీ. నేను కట్టినదే.

"నేనే చించినాను తల్లీ. పెట్టె మీద పాత చీటీ ఉంటే దారి తప్పుతాదని, మా కౌంటరులో ముందు దాన్ని చించేదే పని. ఈళ్ళు కొత్తది కడతారనుకున్నాను. చించిన చీటీ పారేయకూడదు కదా, జోబీలో పెట్టుకున్నాను."

నేను ఆ చీటీని చేతిలోకి తీసుకున్నాను. "ముందే చెప్పకూడదా నాయనా?"

"సిగ్గేసింది పాపా." ఆ కూలీ వైపు చూశాడు. "ఒకసారి ఒకాయన, నేను పెట్టె మార్చేసినానని కౌంటరు ముందర అరిచిపోయినాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి, తప్పు నాదేనయ్యా అని అందరి ముందరా చెప్పినాడు. ఆయన రాకుంటే నా గతేంది?"

నీరజ ఫారాన్ని నా ముందుకు జరిపి, "చక్రానికన్నా రాద్దామా అక్కా?" అంది. వద్దన్నాను. వెనకా ముందూ నింపిన ఆ ఫారాన్ని నేనే చించాను. ఆ కూలీకి మా తెలుగు ఎంత అర్థమైందో గానీ, ఎక్కడినుంచో తాడు తెచ్చి పెట్టెకు కట్టడం మొదలుపెట్టాడు. నాయన వంగి ముడి ఎలా వెయ్యాలో చూపించాడు. ఆ కూలీ తల అడ్డంగా ఊపి తన ముడి చూపించాడు. ఇద్దరూ కలిసి పెట్టెను టాక్సీ దాకా మోశారు.

ఈ దారిన వెళ్ళాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. కిటికీ ఉన్న గది తీసుకోండి. రెండు జతల బట్టలు చేతిసంచిలో ఉంచుకోండి. నాకు పరిహారం రాలేదు గానీ, దేనికీ లోటు జరిగినట్టు అనిపించడం లేదు.

పదకొండున్నరకు తిరుపతి బస్సు. కండక్టరు సామాన్ల డిక్కీ తెరిచి పెట్టెకు చీటీ అంటిస్తుంటే, చుడీదార్‌లోనే ఉన్న అమ్మ నాయన చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది. "మీ సేతులు ఈడుండనీండి" అంది. డిక్కీ మూసేదాకా వదల్లేదు.

నగరి దాటాక పక్క సీటాయన మాట కలిపాడు. నాయన ఉద్యోగం ఏమిటో విని ఆశ్చర్యపోయాడు.

"ముప్పై ఏళ్ళా! ఒక్క పెట్టె కూడా పోలేదా పెద్దాయనా?"

నాయన కిటికీలోంచి బయటికి చూశాడు. అమ్మ వైపు ఒకసారి చూశాడు.

"ఒకటి పోయింది అప్పా. మాదే."